జర్మన్ నేర్చుకునే నర్సింగ్ పిల్లలకు యుద్ధకాలం చరిత్ర: రెండు క్లాసుల్లో ఏం చెప్పాల, యాడ మొదలుపెట్టాల?

చిత్రావతి_గట్టు
అనంతపురంలో జర్మన్ నేర్పే ఒక సెంటరు. నర్సులుగా జర్మనీకి పోవాలని బి2 స్థాయి భాషా పరీక్ష కోసం చదువుతాండే పిల్లలు. అందరూ బైపీసీ, తర్వాత బీఎస్సీ నర్సింగో జీఎన్‌ఎమ్మో. జర్మనీ నుంచే వచ్చిన టీచరమ్మ ఒకరోజు ‘మీకు తెలిసిన జర్మన్ల పేర్లు చెప్పండి’ అంటే మొదట వచ్చిన పేరు హిట్లర్. అదీ మెచ్చుకోలుగా, ‘స్ట్రాంగ్ లీడర్ మేడం, డిసిప్లిన్’ అని. ఆమె మొహం మాడిపోయింది. నాజీలు యూదుల్ని చంపిన క్యాంపు ఆష్విట్జ్ అంటే ఏందో ఒక్కరూ చెప్పలేకపోయినారు. సరే, రెండో ప్రపంచ యుద్ధం మీ దేశాన్ని ఏం చేసింది అంటే దానికీ మౌనమే. 1942లో వైజాగ్ మీద బాంబులు పడినాయంటే ‘మన వైజాగేనా?’ అన్నారు.

ఆమె తిట్టలేదు. 45 నిమిషాల క్లాసులు రెండు దీనికే పక్కన పెట్టింది. మన దిక్కు నుంచి ఎవరైనా పాఠం తయారుచేసి ఇస్తే జర్మన్‌లోకి తనే మార్చుకుంటానంటాంది. పిల్లోళ్ళను చిన్నబుచ్చకుండా, తలకెక్కేటట్ల ఏం చెప్పాల? ‘సిలబస్ బాగలేదు’ అని మాత్రం రాయొద్దండి, అది అందరికీ తెలిసిందే.

పాతబస్టాండు
సిలబస్ బాగలేదు.

రాగిసంగటి
రానే వచ్చినావా సామీ. నీ కోసమే చూస్తాండాం.

గుత్తికోట
సిలబస్‌లో లేక కాదప్పా. పాత పదో తరగతి సోషల్‌లో 1900-1950 ప్రపంచం మీద రెండు భాగాల పాఠం ఉండె. నాజీల సంగతి, యూదుల ఊచకోత అందులోనే. తర్వాత వచ్చిన ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల్లో అది తొమ్మిదో తరగతిలో ఉండె, నాజీయిజం మీద ఒక పెద్ద పాఠమే.

తెగిపోయేది యాడంటే, బైపీసీ తీసుకున్నోళ్ళకు సోషల్‌తో సంబంధం పదితోనే సరి. ఆపైన ఇప్పుడు నర్సింగ్ ముగించి భాష నేర్చుకుంటాండేవాళ్ళలో చాలామంది 2020, 2021 పదో తరగతి బ్యాచ్‌లు. మన రాష్ట్రంలో ఆ రెండేళ్ళూ పబ్లిక్ పరీక్షలే రద్దు. పరీక్ష లేని సోషల్‌ను ఎవరు చదువుతారు? పరీక్ష జరిగిన ఏళ్ళలో మాత్రం ఏముంది, ‘రెండో ప్రపంచ యుద్ధానికి కారణాలు రాయుము’ అంటే మొదటి యుద్ధం ముగించిన వెర్సయిల్స్ సంధి నుంచి పాయింట్లు బట్టీ. యుద్ధం ఎందుకొచ్చిందో గడగడా చెప్తారు, వచ్చినాక ఏం జరిగిందో మాత్రం ఖాళీ.

కడప_కారందోశ
పిల్లోళ్ళ తప్పేముంది? హిట్లర్ దెబ్బ కొట్టకుంటే ఇంగ్లీషోడు మన దేశం వదిలిపోయేటోడా? నేతాజీకి చెయ్యందించింది కూడా ఆయనే కదా. మనకు మేలు చేసినోన్ని మనం తిట్టాల్నా?

గుత్తికోట
@కడప_కారందోశ అన్నా, ఇది వాట్సాప్‌లో తిరిగే చరిత్ర. ఆ క్లాసులో పిల్లలు అన్నదీ ఇదే కాబట్టి కొంచెం వివరంగా రాస్తా.

నేతాజీ బెర్లిన్ చేరింది 1941 ఏప్రిల్‌లో. ఆయన అడిగింది ఒక్కటే, భారత స్వాతంత్ర్యాన్ని గుర్తిస్తూ జర్మనీ బహిరంగంగా ప్రకటన చెయ్యాలని. అది రాలేదు. హిట్లర్ ఆయన్ను కలిసింది ఏడాది దాటినాక, 1942 మే నెలాఖరులో. అప్పుడూ ప్రకటన లేదు. ఉత్తర ఆఫ్రికాలో జర్మన్లకు చిక్కిన మన సిపాయిల్లోంచి మూడు వేల మంది దాకా ఒక దళంగా తయారైతే, దాన్ని ఇండియా వైపు పంపే సత్తా జర్మనీకి లేకపోయింది. కడాకు నేతాజీ 1943 ఫిబ్రవరిలో కీల్ రేవులో జలాంతర్గామి ఎక్కి, ఏప్రిల్‌లో మడగాస్కర్ దగ్గర నడిసముద్రంలో జపాన్ జలాంతర్గామిలోకి మారి తూర్పుకు పోయినాడు. బెర్లిన్‌లో పనయ్యుంటే అంత ప్రమాదం ఎందుకు నెత్తికెత్తుకుంటాడు?

ఇక హిట్లర్ మన గురించి ఏమనుకున్నాడో ఆయన పుస్తకంలోనే ఉంది. ఇండియా వేరే ఎవరి చేతిలోనో ఉండేదానికన్నా ఇంగ్లీషోళ్ళ చేతిలో ఉండటమే మేలు అని. 1937 నవంబరులో బ్రిటిష్ మంత్రి హాలిఫాక్స్ కలవడానికి పోతే, గాంధీని కాల్చేయండి, అప్పటికీ లొంగకపోతే డజను మంది కాంగ్రెస్ నాయకుల్ని కాల్చండి అని సలహా ఇచ్చినట్టు పక్కనే ఉన్న బ్రిటిష్ అధికారి తర్వాత రాసిపెట్టినాడు. ఈ హాలిఫాక్స్ ఎవరనుకుంటాన్నారు? 1931 గాంధీ-ఇర్విన్ ఒప్పందంలోని ఇర్విన్ ఆయనే. ఆ ఒప్పందం పదో తరగతి పాసైన ప్రతి ఒక్కరికీ తెలుసు. టీచరమ్మకు ఇది చెప్పండి, ఆ పిల్లల బుర్రలో ఇప్పటికే ఉన్న పేరు పట్టుకుని లోపలికి పోవచ్చు.

కడప_కారందోశ
ఇర్విన్, హాలిఫాక్స్ ఒక్కడేనని తెలీదు. సరే. అయినా యుద్ధం వల్ల బ్రిటన్ దివాళా తీసింది, అందుకే వదిలిపోయింది అనేది అబద్ధం కాదు కదా.

గుత్తికోట
అబద్ధం కాదు. 1945 నవంబరు నుంచి ఎర్రకోటలో నేతాజీ సైన్యం ఐఎన్‌ఏ వాళ్ళ మీద విచారణలు, 1946 ఫిబ్రవరిలో బొంబాయిలో నావికుల తిరుగుబాటు, ఖాళీ అయిన బ్రిటన్ ఖజానా, అన్నీ కలిసినాయి. ఇందులో హిట్లర్ చేసిన మేలు యాడుంది?

నంద్యాల_సోషల్
అసలు ప్రశ్నకొస్తా. మొదటి క్లాసు శవాల ఫోటోలతో మొదలుపెట్టొద్దని ఆమెకు గట్టిగా చెప్పండి. ముందు వరసలో ఇద్దరు తల దించుకుంటారు, వెనక వరస ఏం చెయ్యాలో తోచక నవ్వుతుంది, ఆ నవ్వు చూసి టీచరుకు కోపమొస్తుంది, క్లాసు అక్కడితో చెడుతుంది. ‘చంపిన యూదులు అరవై లక్షల మంది’ అని అంకెతో మొదలుపెట్టినా లాభం లేదు, నోట్సులో రాసుకుని పేజీ తిప్పేస్తారు.

గవర్నమెంటు ఉద్యోగంతో మొదలుపెట్టమనండి. హిట్లర్ ఛాన్సలర్, అంటే ప్రభుత్వానికి పెద్ద, అయింది 1933 జనవరి 30న. ఏప్రిల్ 7కల్లా చట్టం వచ్చేసింది, యూదులు ప్రభుత్వ ఉద్యోగాల్లో ఉండరాదని. డీఎస్సీ, గ్రూప్స్ కోచింగులతో బతికే ఊర్లో ఇది విప్పి చెప్పాల్సిన పనే లేదు. తర్వాత 1935 సెప్టెంబరులో న్యూరెంబర్గ్ చట్టాలు, అంటే పౌరసత్వం పోయింది, యూదులు కాని జర్మన్లతో పెళ్ళి నేరమయింది. 1938లో యూదు డాక్టర్ల లైసెన్సులు రద్దు. ఆ అక్టోబరులో పాస్‌పోర్టు మీద ఎర్ర ‘జె’ ముద్ర, జర్మన్‌లో యూదు అనే మాటకు మొదటి అక్షరం. నవంబరు 9 రాత్రి ప్రార్థనా మందిరాలకు నిప్పు, అంగళ్ళు ధ్వంసం. 1939 జనవరి నుంచి మగవాళ్ళు పేరు పక్కన ఇజ్రాయెల్ అని, ఆడవాళ్ళు సారా అని చేర్చుకోవాల్సిందే. 1941 సెప్టెంబరులో బట్టల మీద పసుపు నక్షత్రం. ఆ తర్వాత రైళ్ళు, గుంపులుగా చంపే క్యాంపులు.

ఒక్కో సంగతి ఒక్కో కార్డు మీద, తేదీ లేకుండా. మొత్తం ఎనిమిది కార్డులు చాలు. నలుగురైదుగురు ఒక గుంపు. ఏది ముందు, ఏది తర్వాత అని వాళ్ళే వరస పెట్టాలి, పది నిమిషాలు. క్యాంపుల కార్డు దాదాపు ప్రతి గుంపూ ముందుకు లాగేస్తుంది, ఎందుకంటే సినిమాలో విలన్ మొదటి రీల్లోనే చంపడం మొదలుపెడతాడు. అసలు తేదీలు చూపించి సరిదిద్దడానికి పదిహేను నిమిషాలు. ఉద్యోగం తీసేసినప్పటి నుంచి రైలెక్కించే దాకా ఏళ్ళు గడిచినాయని చూసినప్పుడే గది నిశ్శబ్దమవుతుంది. మిగిలిన టైములో ఒక్కో కార్డు దగ్గర ఒకటే ప్రశ్న: ఇక్కడ పక్కింటోళ్ళకు తెలుసా, తెలియదా?

రెండు జాగ్రత్తలు. ‘నువ్వు యూదు, నువ్వు నాజీ’ అని నాటకం వేయించొద్దు. ఎవరో ఒకరు హాస్యం చేస్తారు, ఎవరో ఒకరు నిజంగా ఏడుస్తారు. ఇంకోటి, 1942 జనవరి 20న నాజీ అధికారులు బెర్లిన్‌లో కూర్చున్న వాన్‌సే సమావేశంలోనే చంపాలని నిర్ణయించినారని రాయొద్దు. 1941 వేసవి నుంచే తూర్పున సోవియట్ ఊర్లలో కాల్చి చంపుతాన్నారు. వాన్‌సేలో కూర్చుంది ఏ శాఖ ఏ పని చెయ్యాలో సర్దుకోవడానికి.

నల్లరేగడి
ఆ కార్డులు చూస్తూనే మన పిల్లలకు రెండు గ్లాసుల పద్ధతి గుర్తుకొస్తుంది. ఎవరో ఒకరు అనక మానరు. అప్పుడు టీచరు ఏం చెయ్యాల?

నంద్యాల_సోషల్
@నల్లరేగడి వినాల. తనంతట తాను మాత్రం ఆ పోలిక తేకూడదు. బయటినుంచి వచ్చినామె అంటే ఒక రకంగా వినబడుతుంది, ఆ పిల్లే అంటే ఇంకో రకంగా. అన్నాక కత్తిరించొద్దు, రెండు నిమిషాలు మాట్లాడనివ్వాలి.

కొండారెడ్డి_బురుజు
నాకు మింగుడుపడనిది ఒకటుంది. వాళ్ళ దేశం చేసిన పాపం మన పిల్లలు ఎందుకు బట్టీ పట్టాల? 1943లో బెంగాల్‌లో చచ్చినోళ్ళ లెక్క ఆమెకు తెలుసా? బ్రిటిష్ వాళ్ళు వేసిన విచారణ సంఘమే 15 లక్షలంది, తర్వాత చరిత్రకారులు 30 లక్షల దాకా చెప్పినారు. యూరపోళ్ళ బడుల్లో ఎంతమందికి దీని పేరు తెలుసు?

పాతబస్టాండు
కర్నూలు నుంచి ఫిరంగి పేలింది.

తుంగభద్ర_తీరం
@కొండారెడ్డి_బురుజు సగం ఒప్పుకుంటా. బెంగాల్ పాఠంలో ఉండాల్సిందే, కానీ బదులు తీర్చుకోవడానికి కాదు. మీవాళ్ళు ఇంతమంది, మావాళ్ళు అంతమంది అని తూకం వేస్తే రెండూ పోతాయి, క్లాసు కొట్లాటతో ముగుస్తుంది. అది ఎట్ల జరిగిందో చెప్పాలి. 1942 మార్చిలో రంగూన్ జపాన్ చేతికి పోయింది, బర్మా బియ్యం ఆగింది. జపాన్ దిగితే దొరక్కూడదని తీరం వెంట బియ్యం తరలించినారు, పదిమందికి మించి పట్టే పడవలన్నీ ప్రభుత్వం లాక్కుంది. పడవ లేకుంటే ఆ డెల్టాలో చేపా లేదు, సంతా లేదు. అక్టోబరులో మిద్నాపూర్ మీద తుఫాను. యుద్ధ ఖర్చుతో ధరలు కొండెక్కినాయి, కూలోడి కూలి మాత్రం అక్కడే ఉండె. బియ్యం ఉన్నచోట కూడా కొనలేక చచ్చినారని అమర్త్యసేన్ చూపించినాడు కదా. నాజీలది చంపడమే పథకం. బెంగాల్‌లో యుద్ధం ముందు, జనం తర్వాత అనే లెక్క. తేడా చెప్పగలిగితే రెండూ అర్థమవుతాయి.

కొండారెడ్డి_బురుజు
తూకం వెయ్యొద్దనేది ఒప్పుకుంటా. బెంగాల్ ఆ రెండు క్లాసుల్లోనే ఉండాల, ‘టైముంటే చూద్దాం’ అని తోసేయకూడదు.

గుత్తికోట
అయితే రెండో క్లాసు మొత్తం యుద్ధంలో మన దేశానికే, బెంగాల్‌తో కలిపి. బోర్డు మీద అడ్డంగా రెండు గీతలు, 1939 నుంచి 1945 దాకా. పైగీత యూరప్, కిందిగీత మనది. 1939 సెప్టెంబరు 3 రెండింటి మీదా పడుతుంది. ఆరోజే వైస్రాయ్ లిన్‌లిత్‌గో ఎవర్నీ అడక్కుండా ఇండియా కూడా యుద్ధంలో ఉందనేసినాడు. ఆ కోపంతోనే మద్రాసులో రాజాజీ మంత్రివర్గం రాజీనామా, మన జిల్లాలూ అప్పుడు మద్రాసు కిందే.

1942 దగ్గర ఎక్కువసేపు ఆగాల. జనవరిలో వాన్‌సే. ఫిబ్రవరి 15న సింగపూర్ పతనం. ఏప్రిల్ 5న కొలంబో మీద, మరుసటి రోజు వైజాగ్, కాకినాడల మీద జపాన్ బాంబులు, ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు. ఆగస్టు 8న క్విట్ ఇండియా. అన్నీ ఒకే ఏడాదిలోవని గీత మీద చూసేదాకా ఎవరికీ తట్టదు. 1944లో పైన నార్మండీ తీరంలో మిత్రసేనలు దిగడం, కింద కొహిమా, ఇంఫాల్ దగ్గర జపాన్‌తో పోరు. మన సైన్యం 1939లో రెండు లక్షలు, 1945కు 25 లక్షలు. చనిపోయినోళ్ళు 87 వేలు. మన సిపాయిల్లో వేలమంది పోరాడింది నేరుగా జర్మన్ల మీదే, ఉత్తర ఆఫ్రికాలో, ఇటలీలో మాంటె కసీనో దగ్గర. ఇది ఆ టీచరమ్మకే కొత్త కావచ్చు.

రాగిసంగటి
మన పక్క జిల్లాలోళ్ళు ఎవరైనా పోయినారో లేదో తెలుసుకునే దారుందా? పిల్లోళ్ళకు ఊరి పేరు కనిపిస్తే పట్టుకుంటారు.

గుత్తికోట
@రాగిసంగటి ఉంది. కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ వెబ్‌సైటులో పేర్లు వెతకొచ్చు, డబ్బు కట్టే పని లేదు. ఇంటిపేరుతో వెతికితే దొరకదు, మనోళ్ళ పేర్లు అప్పటి గుమస్తా విన్నట్టు రాసుకున్నాడు. పేరు ఖాళీగా వదిలేసి, ఏ దేశపు సైన్యం అనే చోట ఇండియన్ అని పెట్టి, అదనపు సమాచారం అనే గడిలో జిల్లా పేరు కొట్టాల. కడపకు సి-యు-డి-డి-ఎ-పి-ఎ-హెచ్ అనే పాత స్పెల్లింగే. కొన్ని రికార్డుల్లో తండ్రి పేరు, ఊరు ఉంటాయి, చాలావాటిల్లో ఉండవు. బర్మాలో చనిపోయి సమాధి లేనివాళ్ళ పేర్లు రంగూన్ స్మారకం కింద వస్తాయి, దాదాపు 27 వేలు. పిల్లోళ్ళ ముందు వెతకొద్దు, ముందురోజే వెతికి రెండు మూడు పేర్లు ప్రింటు తీసి పెట్టుకోండి. నెట్టు ఆగిందంటే పావుగంట పోతుంది.

పాతబస్టాండు
మొదటి యుద్ధంలో తుర్కీ ఖైదీలను పెట్టింది బళ్ళారిలో. గుంతకల్లు నుంచి ఎంత దూరమని? అది కూడా కలపండి.

గుత్తికోట
ఎప్పుడో ఒకసారి పనికొచ్చే మాట అంటాడు. కానీ అది ఇంకో యుద్ధం, ఈ 90 నిమిషాల్లో ఇరికిస్తే పిల్లలు రెండూ కలిపేస్తారు.

పెన్నేటి_ఇసుక
ఇంతమంది రాసినారు గానీ వీళ్ళు నర్సులని మర్చిపోయినారు. జర్మనీలో నర్సింగ్ నీతి గురించి మాట్లాడితే తప్పకుండా వచ్చే సంగతి ఒకటుంది. 1940, 41ల్లో మానసిక రోగులు, వికలాంగులు 70 వేల మందిని ఆరు కేంద్రాల్లో గ్యాసుతో చంపినారు. యూదుల క్యాంపులకు గ్యాసు రాకముందే ఇది జరిగింది, ఇక్కడ పనిచేసినోళ్ళలో కొందరినే తర్వాత అక్కడికి పంపినారు. డాక్టర్లు ఫారాలు చూసి గుర్తు పెట్టేవాళ్ళు, చాలావాటికి రోగిని చూడను కూడా లేదు. బూడిదరంగు బస్సులు వచ్చేవి, నర్సులు పేర్ల పట్టీ చూసి రోగులకు బట్టలు తొడిగి ఎక్కించేవాళ్ళు. ఇంటికి పోయే ఉత్తరంలో చావుకు దొంగ కారణం. అపెండిసైటిస్ ఆపరేషన్ ఎప్పుడో అయిపోయిన మనిషి అపెండిసైటిస్‌తో చనిపోయినాడని రాసి దొరికిపోయిన సందర్భాలున్నాయి. 1941 ఆగస్టులో మ్యున్‌స్టర్ బిషప్ గాలెన్ చర్చిలోనే దీన్ని హత్య అని ప్రసంగించినాక, ఆ నెలలోనే గ్యాసు ఆపినారు. చంపడం ఆగలేదు. ఆసుపత్రి వార్డుల్లోనే మందు మోతాదు పెంచి, తిండి తగ్గించి సాగించినారు. అక్కడ చేతులు నర్సులవే.

హడమార్ ఆ ఆరింట్లో ఒకటి. ఇప్పుడు స్మారకం, అదే ప్రాంగణంలో మానసిక ఆసుపత్రి ఇప్పటికీ నడుస్తాంది. మందు చార్టు మీద సంతకం పెట్టడం అంటే ఏందో తెలిసిన పిల్లలు వీళ్ళు. ఈ ఒక్క సంగతి వింటే ‘డిసిప్లిన్’ అన్న మాట మళ్ళీ నోట్లోంచి రాదు.

చిత్రావతి_గట్టు
@పెన్నేటి_ఇసుక అక్కా, ఇది మొదటి క్లాసులో పెట్టాల్నా, రెండో దాంట్లోనా?

పెన్నేటి_ఇసుక
మొదటి దాంట్లోనే. కార్డుల్లో తొమ్మిదోదిగా, ‘బూడిదరంగు బస్సు’ అని. దాన్ని వివరించకుండా వదిలి, చివరి పది నిమిషాలు దానికే ఇవ్వండి.

ఇంకో అవసరం కూడా ఉంది. వృద్ధాశ్రమంలో పనికి పోతే అక్కడ తొంభై ఏళ్ళవాళ్ళు 1945లో చిన్నపిల్లలు. బాంబులకు నేలమాళిగల్లో దాక్కున్నోళ్ళు, తూర్పు నుంచి తరిమితే చలిలో నడిచొచ్చినోళ్ళు. మతిమరుపు ముదిరినాక పాత భయాలే మిగులుతాయి. కొత్త సంవత్సరం రాత్రి టపాకాయలు, సైరన్ పరీక్ష, వీటికి వణికిపోయేవాళ్ళుంటారు. ఆ రాత్రి డ్యూటీ అయితే కిటికీ తలుపులు ముందే మూసి, దీపం వెలిగించి ఉంచి, పక్కన కూర్చోవాల. రోగి జీవిత కథ రాసిపెట్టుకోవడం అక్కడ నర్సింగ్‌లో భాగం. పుట్టిన ఏడాది, ఊరు చూసి యుద్ధంలో ఏం చూసుంటారో అంచనా వెయ్యడం రావాల.

గండికోట_గాలి
చట్టం సంగతి ఎవరూ రాయలేదు. నాజీ గుర్తులు, సెల్యూట్ బహిరంగంగా వాడటం జర్మన్ శిక్షాస్మృతి సెక్షన్ 86ఎ కింద నేరం, మూడేళ్ళ దాకా జైలు లేదా జరిమానా. యూదుల ఊచకోత జరగలేదని బహిరంగంగా వాదిస్తే సెక్షన్ 130 కింద ఐదేళ్ళ దాకా. ‘హిట్లర్ స్టేటస్’ పెట్టి నవ్వుకోవడం అక్కడ తమాషా కాదు. చదువు కోసం, చరిత్ర చెప్పడం కోసం చూపిస్తే మినహాయింపు ఉంది.

మన స్వస్తిక్ మీద అడగక మానరు. పూజగదిలో పసుపుతో వేసుకున్నదాని మీద పెట్టిన చట్టం కాదది. కానీ అద్దె ఇంటి తలుపు మీద, ఫోన్ కవరు మీద, చేతి మీద పచ్చబొట్టుగా కనిపిస్తే పక్కింటోడు నాలుగు చుక్కలు లెక్కపెట్టడు, పోలీసుకు ఫోన్ చేస్తాడు. లోపల పెట్టుకోండి, బయట ఓం చాలు.

టీచరమ్మకు కూడా ఒకటి ముందే చెప్పి పెట్టండి. ఏదైనా బడికి ప్రార్థన టైముకు పోతే ప్రతిజ్ఞ చెప్తూ పిల్లలంతా కుడిచెయ్యి ముందుకు చాపుతారు. అది నాజీ సెల్యూట్ లాగే కనిపిస్తుంది, చూడగానే గుండె ఆగినంత పనవుతుంది. ఆ ప్రతిజ్ఞ 1962లో వైజాగ్‌లో ట్రెజరీ ఆఫీసరుగా ఉన్న పైడిమర్రి వెంకట సుబ్బారావు తెలుగులో రాసింది, నాజీలతో ఏ సంబంధమూ లేదు. ఇక మన పిల్లలు అక్కడ క్లాసులో చెయ్యెత్తాల్సొస్తే చూపుడువేలు మాత్రం పైకెత్తాల, అక్కడి అలవాటు అది.

కడప_కారందోశ
బడిలో అట్ల చెయ్యి చాపి చాపి పెరిగినాం, ఎప్పుడూ తట్టలేదు.

పాతబస్టాండు
కారందోశ చల్లారింది.

చిత్రావతి_గట్టు
ఇవన్నీ పరీక్షలో ఏమన్నా వస్తాయా? పిల్లలు మొదట అడిగేది అదే.

గండికోట_గాలి
బి2లో రాదు. కొన్నేళ్ళు అక్కడుండి పౌరసత్వానికి పోతే వస్తుంది. 33 ప్రశ్నలు, గంట టైము, 17 సరైతే పాస్. 300 ఉమ్మడి ప్రశ్నలు, రాష్ట్రానికి పది చొప్పున వేరే. 1933, 1938 నవంబరు 9, యుద్ధం ముగిసిన 1945 మే 8, ఇవన్నీ ఆ పట్టికలో ఉంటాయి. ‘ఇప్పుడే కొంత చదివేసినట్టే’ అని చెప్పండి, పెన్నులు బయటికొస్తాయి.

చిత్రావతి_గట్టు
అందరికీ థ్యాంక్స్. కార్డులు తొమ్మిది, రెండు గీతలు, ప్రింటు తీసిన పేర్లు. మ్యాపు ఏ సైజు తీయాల?

నంద్యాల_సోషల్
గుంపుకొకటి ఏ3. ఇప్పటి మ్యాపు తీయొద్దు. 1939 నాటిది తీయాల, పాకిస్తాన్, బంగ్లాదేశ్ లేనిది, పోలండ్ పాత హద్దులతో ఉన్నది. బర్మా 1937 ఏప్రిల్‌లోనే ఇండియా నుంచి విడిపోయింది, కాబట్టి దాన్ని వేరే రంగులో చూపించేది చూసుకోండి. నలుపు తెలుపులో జిరాక్స్ తీసి పిల్లలతోనే రంగులు వేయిస్తే చవక, పేర్లు కూడా గుర్తుంటాయి. జర్మన్ పేర్లు ఆమెతోనే రాయించుకోండి.